మాయాబజార్‌ని ఒకసారి విని చూడండి

మాయాబజార్ మీరెన్నిసార్లు చూసుంటారో నేనడగను. ఈసారి మాత్రం చూడొద్దు. ఫోన్ బోర్లించి పెట్టి, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని, మొదట్నుంచి చివరిదాకా వినండి. నేను విన్నాను. విన్న దగ్గర్నుంచీ నాకు కాలు నిలవడం లేదు. కూరగాయల బండి దగ్గర పక్కింటావిడ కనపడినా ఇదే మాట, ఆటోలో ఎవరైనా పలకరించినా ఇదే మాట.

ఏం విన్నానో చెప్తాను. శశిరేఖ అభిమన్యుడితో కలిసి పాడే పాటలున్నాయి కదా, పడవలో వెన్నెల పాటా, ప్రియదర్శిని పెట్టెలో ఒకరినొకరు చూసుకుంటూ పాడుకునే పాటా, వాటన్నిటిలోనూ సావిత్రికి గొంతు పి. లీలది. నిండుగా, నెమ్మదిగా, పెద్దింటి ఆడపిల్ల సిగ్గుతో సహా వినపడుతుంది. అదంతా అయ్యాక ఘటోత్కచుడు శశిరేఖ రూపం వేసుకుని మేడలోకి దిగుతాడు. తెర మీద అదే సావిత్రి, అదే జడ, అవే నగలు. తన పెళ్లని సంబరపడుతూ పాట అందుకుంటుంది. గొంతు మారిపోయింది! ఇప్పుడు పాడుతున్నది పి. సుశీల. సన్నగా, చురుగ్గా, కాస్త తుంటరిగా. కళ్లు మూసుకుని వింటే ఈ పిల్ల ఆ పిల్ల కాదని చెవి ఇట్టే పట్టేస్తుంది. కళ్లు తెరిచామంటే సావిత్రి మొహం మనల్ని మాయ చేసేస్తుంది. సినిమాలో కౌరవులు మోసపోయినట్టే, ఇన్నేళ్లూ హాల్లో కూర్చున్న మనమూ మోసపోయాం.

అక్కడితో ఆగలేదు. ఆ పాట మధ్యలో, ఆడపిల్ల గొంతు సాగుతూ సాగుతూ ఉండగా, ఉన్నట్టుండి మగ గొంతు బయటికొస్తుంది. ఘంటసాల! లోపలున్న రాక్షసుడు ఉత్సాహం పట్టలేక బయటపడ్డాడన్నమాట. వెంటనే నాలిక్కరుచుకుని మళ్లీ సుశీల గొంతులోకి దూరిపోతాడు. సావిత్రి నడక, ఠీవి అన్నీ గొప్పవే, కాదనను. కానీ ఆ మగ గొంతు తీసేసి ఆ పాట ఊహించుకోండి. ఓ అమ్మాయి కాస్త మగరాయుడిలా గంతులేస్తోంది, అంతే. శశిరేఖ ఒంట్లో ఘటోత్కచుడున్నాడని మనకు రుజువు చూపించింది శబ్దం.

అదే ఘటోత్కచుడు ఎస్వీ రంగారావుగా పెళ్లి భోజనం ముందు కూర్చుని పాడేటప్పుడు గొంతు మాధవపెద్ది సత్యం గారిది. శశిరేఖ ఒంట్లోంచి పొరపాటున తొంగిచూసినప్పుడు ఘంటసాలది. ఆ ఘంటసాలే ఇదే సినిమాలో అభిమన్యుడికీ పాడారు! అంటే వెన్నెల్లో శశిరేఖను మురిపించిన గొంతే, కాసేపటికి శశిరేఖ నోట్లోంచి రాక్షసుడై పలికింది. ఒక్కరికైనా అనుమానం వచ్చిందా? 1957లో వచ్చిన సినిమా ఇది. ఇప్పట్లా చుట్టూ స్పీకర్లు లేవు. తెర వెనక నుంచి వచ్చే ఒకే ఒక్క ధార. ఆ ఒక్క ధారలోనే ఇంత మాయ చేశారు.

నాకీ వినే పిచ్చి పట్టించింది మా అమ్మ. మా ఇల్లు విజయవాడ భవానీపురంలో, హైదరాబాద్ రోడ్డుకు మరీ దూరం కాదు. లారీల హారన్లు మా ఇంట్లో మనుషులతో సమానం. టీవీ ముందు గదిలో ఉంటుంది, అమ్మ వంటింట్లో ఉంటుంది. అయినా ఆవిడ సీరియల్ ఒక్క ముక్క వదలదు. ఓ సాయంత్రం పోపు వేస్తూనే, “అదిగో, తలుపు చాటున నిలబడి వింటోంది చూడు, ఇక కొంప మునిగిందే” అంది. నేను టీవీ వైపు చూస్తే నిజంగానే తలుపు చాటున అత్తగారు!

“నీకెలా తెలిసిందే అమ్మా?”

“మూడుసార్లు ఢాం ఢాం ఢాం అనిపించాడు కదే. అది ఆవిడకే వేస్తాడు. కోడలికైతే వేణువు. చిన్నకొడుకు తాగొచ్చాడంటే గిటార్ బరబరా గీకుతాడు. ఇంక చూడ్డానికేముంది?”

నాకు నోట మాట రాలేదు. సీరియళ్లలో ఆ జుయ్ జుయ్ చప్పుళ్లను ఎంతమంది ఎంత ఎగతాళి చేస్తారో! కానీ ఆలోచించండి. సాయంత్రం ఏడింటికి తెలుగిళ్లలో టీవీ ముందు కదలకుండా కూర్చునే తీరిక ఎంతమందికి ఉంటుంది? ఒకరు అన్నం వండుతుంటారు, ఒకరు పిల్లాడికి హోంవర్క్ చేయిస్తుంటారు, ఒకరు బట్టలు మడతపెడుతుంటారు. ఆ చప్పుళ్లు చూసేవాళ్ల కోసం వేసినవి కావు. వీపు తిప్పి పని చేసుకుంటున్న వాళ్లను పేరు పెట్టి పిలవడం కోసం వేసినవి. సినిమా హాల్లో చీకటి ఉంటుంది, తెర మన కళ్లను కట్టిపడేస్తుంది. టీవీకి ఆ అదృష్టం లేదు. అందుకే దానికి గొంతే దిక్కు.

“మాకిదేం కొత్తా? మేం చిన్నప్పుడు సినిమాలు విన్నవే ఎక్కువ” అంది అమ్మ. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం అని వచ్చేదట. ఒక సినిమా మొత్తాన్ని, మాటలూ పాటలూ ముఖ్యమైనవి ఏరి, గంటకు కుదించి వినిపించేవారు. ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరేవారు. బొమ్మ లేదు. నాగేశ్వరరావు ఏ చొక్కా వేసుకున్నాడో ఎవరికి వాళ్లు అనుకోవడమే. “తర్వాత ఆ సినిమా హాల్లో చూస్తే, నేననుకున్నంత బాగా లేదే” అని అమ్మ ఇప్పటికీ అంటుంది. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. ఆ పున్నమ్మతోట కేంద్రం నుంచి వచ్చిన నాటకాలు విని పెరిగిన తరం చెవులు అవి. ఉషశ్రీ గారు ఆదివారం మధ్యాహ్నం భారతం చెబుతుంటే వీధి వీధంతా ఒకే గొంతు వినపడేదట. ఒక్క మనిషి, ఒక్క మైకు, కురుక్షేత్రమంతా అందులోనే. అమ్మ ఆ బడిలో చదువుకుంది. అందుకే ఆవిడకు టీవీ చూడాల్సిన అవసరం లేదు.

ఇక అక్కడ్నుంచి నాకు ఆగలేదు. మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. గాంధీనగర్‌లో సినిమా హాల్లో చాలాకాలం ఆపరేటర్‌గా చేశారు. వెళ్లి, “బాబాయ్‌గారూ, రీలులో మాట ఎక్కడుంటుందండీ?” అని అడిగాను. ఆయన లోపలికెళ్లి, అలమరలోంచి జానెడు ఫిల్మ్ ముక్క తెచ్చి కిటికీ వెలుతురుకు పట్టుకున్నారు.

“ఇటు చూడమ్మాయ్. ఇది బొమ్మ. ఇవి పళ్లచక్రం పట్టుకునే చిల్లులు. రెంటికీ మధ్య సన్నగా, వంకరటింకరగా తెల్లగీత కనపడుతోందా? అదే మాట. అదే పాట. అదే ఫైటింగు.”

నేను ఆ ముక్క చేతిలోకి తీసుకుని చూశాను. నిజంగానే, అంచు పొడవునా ఒక సన్నటి తెల్లటి చార. ఒకచోట లావెక్కుతోంది, ఒకచోట వెంట్రుకంత అవుతోంది. లావుగా ఉన్నచోట ఎవరో అరిచారు. సన్నగా ఉన్నచోట ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. శబ్దాన్ని కళ్లతో చూశాను నేను! రీలు ప్రొజెక్టర్‌లో ఎక్సైటర్ ల్యాంప్ అని చిన్న బల్బు ఉంటుందట. దాని వెలుగు ఈ చారలోంచి దూరి అవతలున్న ఫోటోసెల్ మీద పడుతుంది. చార ఎంత వెడల్పుంటే అంత వెలుగు. ఆ వెలుగులో హెచ్చుతగ్గులే కరెంటుగా మారి, తెర వెనక స్పీకర్లో ఘంటసాల అవుతాయి.

అసలు విశేషం దాని తర్వాత చెప్పారు. బొమ్మ పక్కనే ఉన్న చార ఆ బొమ్మ తాలూకు మాట కాదట! బొమ్మ సెకనుకు 24 సార్లు ఆగి ఆగి కదలాలి. ఆగకపోతే కంటికి అలుక్కుపోతుంది. శబ్దం అలా ఆగితే గొంతు ముక్కలవుతుంది, అది నున్నగా జారిపోతూ ఉండాలి. ఒకేచోట రెండూ కుదరవు. అందుకని బొమ్మను ఒకచోట ఆపి ఆపి చూపిస్తారు, అది దాటి కిందికొచ్చి ఫిల్మ్ కుదుటపడ్డాక శబ్దం చదువుతారు. దానికి తగ్గట్టు మాటను బొమ్మకన్నా ఓ 20 ఫ్రేములు ముందుగా అచ్చువేస్తారు. “అందుకే రీలు తెగి అతికించిన చోట బొమ్మ ముందు ఎగురుతుంది, మాట ఒక్క క్షణం ఆగి ఎగురుతుంది. హాల్లో జనం నన్ను తిట్టడం కూడా ఆ రెండో గెంతుకే మొదలుపెట్టేవాళ్లు” అన్నారు. అంటే జనానికి బొమ్మ ఎగిరితే ఫర్వాలేదు, మాట ఎగిరితే ప్రాణం పోయినట్టు ఉండేదన్నమాట. నేను ఆ ముక్క తిరిగి ఇవ్వలేక ఇచ్చాను.

ఇంకో రహస్యం తెలిసి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. స్టూడియో సెట్లో మైకు పెట్టి అప్పటికప్పుడు మాటలు పట్టుకునే రోజులు పోయి, కెమెరా ఊళ్లమీద పడ్డాక, మన సినిమాల్లో ఆరుబయట తీసిన సీన్లలో అక్కడి శబ్దాన్ని చాలామటుకు పారేసేవారు. తిరిగేటప్పుడు కెమెరా టకటకమని గోల. చుట్టూ షూటింగ్ చూడ్డానికొచ్చిన జనం గోల. అందుకని బొమ్మ తెచ్చుకుని, మాటలు డబ్బింగ్ థియేటర్లో మళ్లీ చెప్పించి, చప్పుళ్లు వేరే చేయించి, ఆర్‌ఆర్, అంటే నేపథ్య సంగీతం, వేరే వాయించి, అన్నీ మిక్సింగ్‌లో కలిపేవారు. తెలిసిందా దీని అర్థం? ఆ సినిమాల్లో ఏటిగట్టున కోయిల కూసిందంటే ఎవరో కూయించారు. గేదె అరిచిందంటే ఎవరో అరిపించారు. దూరంగా గుడిగంట మోగిందంటే ఒక మనిషి కుర్చీలో కూర్చుని, “ఇక్కడో గంట పడాలి” అని నిర్ణయించుకున్నాడు. అనుకోకుండా పడ్డ చప్పుడు ఒక్కటీ లేదు! నిశ్శబ్దం కూడా ఊరికే రాదు. టేపు ఖాళీగా వదిలేస్తే మిషన్ చెడిపోయిందేమోనని జనం వెనక్కి తిరిగి చూస్తారు. అందుకని ఖాళీ గది చప్పుడును, రూమ్ టోన్ అంటారు దాన్ని, తెచ్చి పరుస్తారు. మౌనాన్ని కూడా రికార్డు చేసి పెట్టాల్సిందే.

ఆ చప్పుళ్లు చేసే పనిని ఫోలీ అంటారు, హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరు మీద. కొబ్బరి చిప్పలు రెండు టకటకమనిపిస్తే గుర్రం. తోలు సంచిలో మొక్కజొన్న పిండి పోసి పిసికితే మంచుమీద నడక. తెర మీద హీరో నడుస్తుంటే, చీకటి గదిలో ఇంకొకాయన ఆ బొమ్మ చూస్తూ ఇసుక తొట్టెలో అడుగులేస్తుంటాడు. అంటే హీరో కాళ్లు కూడా హీరోవి కావు.

ఇది విన్నాక తెల్లవారుజామున పున్నమి ఘాట్‌కి వెళ్లి ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి మెట్లమీద కూర్చున్నాను. ఇంటికొచ్చి విన్నాను. అబ్బ, ఎన్ని చప్పుళ్లు! నీళ్లు మెట్లకు తగులుతున్నాయి. ఎవరో మూడు మునకలు వేసి గట్టిగా ఊపిరి వదిలారు. ఇంద్రకీలాద్రి వైపు నుంచి మైకులో స్తోత్రం గాలివాటుకు పెరుగుతూ తగ్గుతూ ఉంది. దాని వెనక ఎక్కడినుంచో అజాన్. రోడ్డు మీద లారీలు గేరు మారుస్తున్నాయి. భవానీ ద్వీపం వైపు ఒక పడవ మోటారు. నా పక్కనే ఒక కుక్క చెవి గోక్కుంటోంది, దాని మెడలో బిళ్ల గణగణ. అక్కడ కూర్చున్నప్పుడు నేను విన్నది నీళ్లు, స్తోత్రం, అంతే. మిగతావన్నీ నా చెవి నాకు చెప్పకుండానే పక్కకు తోసేసింది.

సినిమాలో ఆ పని చెవి చేయదు, మనిషి చేయాలి. ఒక ముసలాయన ఆ మెట్లమీద కూర్చుని కొడుకు గురించి ఆలోచిస్తున్నాడనుకోండి. స్తోత్రం మాత్రమే ఉంచితే ఆయన దేవుడికి మొరపెట్టుకుంటున్నాడు. లారీ చప్పుడు మాత్రమే ఉంచితే కొడుకు ఊరొదిలి వెళ్లిపోయాడు. పడవ మోటారు దూరం నుంచి దగ్గరికొస్తుంటే కొడుకు వస్తున్నాడు. అదే ముసలాయన, అదే మొహం, అదే నది. ఏ చప్పుడు ఉంచామో అదే కథ! ఒక పాత్ర మనసులో ఏముందో చెప్పడానికి ఇంత చవకైన, ఇంత బలమైన దారి ఇంకోటి ఉందా?

ఇప్పుడు కె. విశ్వనాథ్ గారి దగ్గరికొస్తున్నాను. ఇన్నాళ్లూ ఆయన్ని సంగీతం తెలిసిన దర్శకుడు, నాట్యం తెలిసిన దర్శకుడు అనుకుంటూ వచ్చాం. ఆయన మొదట సౌండ్ మనిషి! మన కృష్ణా డెల్టా బిడ్డే. రేపల్లె వైపు పెదపులివర్రులో 1930 ఫిబ్రవరి 19న పుట్టారు. గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ చేసి, మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో చేరారు. అక్కడ సౌండ్ విభాగాధిపతి ఎ. కృష్ణన్ దగ్గర పని నేర్చుకున్నారు. తర్వాత అన్నపూర్ణ సంస్థలో సౌండ్ చూస్తూ, ఆదుర్తి సుబ్బారావు గారి దగ్గర దర్శకత్వం పట్టుకున్నారు. దర్శకుడయ్యాక కూడా సెట్లో ఖాకీ బట్టలు వేసుకునేవారని అందరికీ తెలిసిందే. తానూ పనివాడినేనని ఆ బట్టలు చెప్పేవి. ఈ సంగతి మనసులో పెట్టుకుని ఆయన సినిమాలు వినండి. తల తిరిగిపోతుంది. ఒకదాని వెనక ఒకటి కథలన్నీ చెవి చుట్టూనే తిరుగుతున్నాయి!

సిరిసిరిమువ్వ తీసుకోండి, 1976. హైమ మూగది. సాంబయ్య డప్పు వాయించేవాడు. ఒక సౌండ్ రికార్డిస్టు కాకపోతే ఎవరికి తడుతుంది చెప్పండి, నోరులేని పిల్లకు కాళ్లలో గొంతు పెట్టాలని? హైమగా వేసిన జయప్రద పెదవి కదపదు. మువ్వలు మాట్లాడతాయి, డప్పు బదులు చెబుతుంది. ఇద్దరి మధ్యా సంభాషణ ఉంది, మాట మాత్రం లేదు. ఈ కథనే ఆయన 1979లో హిందీలో సర్గమ్‌గా తీశారు. అక్కడ డప్పు డఫ్లీ అయింది, దేశమంతా మోగింది.

శంకరాభరణం, 1980. ఇందులో కత్తియుద్ధాలు లేవు కానీ యుద్ధం ఉంది. రాత్రిపూట సంగీత విద్వాంసుడు శాస్త్రిగారి ఇంటిముందు కుర్రాళ్లు పాశ్చాత్య బాణీలు వాయిస్తూ గోల చేస్తారు. ఆయన బయటికొచ్చి కర్ర తీయరు, పోలీసులను పిలవరు. గొంతు విప్పుతారు. వీధికి అటు ఒక శబ్దం, ఇటు ఒక శబ్దం. ఎవరు గెలిచారో చెప్పడానికి ఒక్క డైలాగు అక్కర్లేదు. ఇంకో సీను పెళ్లిచూపులది. ఆయన కూతురు శారద పాడుతోంది. పెళ్లివారు కూర్చున్నారు. శుద్ధమైన రాగంలో ఎక్కడో ఒక్క స్వరం పక్కకు జారింది. శాస్త్రిగారు కూతురి పేరు పెట్టి ఉరిమినట్టు గద్దిస్తారు. సంగీతం ఓనమాలు తెలియని నాలాంటి వాళ్లకు తప్పు ఎక్కడ పడిందో తెలియదు. కానీ ఆ గద్దింపు వినగానే ఒళ్లు జలదరిస్తుంది. ఆ ఇంట్లో ఒక స్వరం ఎంత ఖరీదో ఆ ఒక్క కేకతో తెలిసిపోతుంది. ఆయన చెవితో వినేలా మనల్ని కూర్చోబెట్టారు విశ్వనాథ్ గారు.

ఆ శాస్త్రిగారు కూడా మళ్లీ అతుకే కదా! మనిషి జె.వి. సోమయాజులు, అసలు ఉద్యోగం డిప్యూటీ కలెక్టరు. మాట ఆయనదే. పాట ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానిది. సోమయాజులు గారి బరువైన మాట ఆగిన చోట బాలు గారి పాట మొదలవ్వాలి, మధ్యలో సందు కనపడకూడదు. ఎక్కడైనా కనపడిందా? బాలు గారికి ఈ సినిమాకు జాతీయ అవార్డు ఇచ్చింది పాటకే. నన్నడిగితే ఆ సందు పూడ్చినందుకు ఇంకోటి ఇవ్వాల్సింది.

సిరివెన్నెల దగ్గర నేను పూర్తిగా పడిపోయాను. 1986లో వచ్చింది. అతడికి చూపు లేదు, వేణువు ఊదుతాడు. ఆమెకు మాట లేదు, బొమ్మలు వేస్తుంది. ఈ సంగతి కళ్లతో చూస్తే జాలిగా ఉంటుంది. సౌండ్ మనిషి తలతో ఆలోచిస్తే బుర్ర గిర్రున తిరుగుతుంది. చూపు లేనివాడికి లోకమంటే శబ్దమే. అలికిడో, అడుగో, గాజో వినపడితేనే ఎదురుగా మనిషి ఉన్నట్టు. మాట లేని పిల్ల అతడి ముందు కదలకుండా నిలబడితే, ఆమె అసలు లేనట్టే! అతడి వేణువు ఆమెకు చేరుతుంది, ఆమె కుంచె అతడికి చేరదు. ఇద్దరి మధ్యా దారి ఒకవైపే తెరిచి ఉంది. ఆ రెండో వైపు తెరుచుకోవాలని సినిమా అంతా మనకు తపన. ఎందుకంటే ఆ రెండు లోకాలనూ కలిపి పట్టుకున్నది హాల్లో కూర్చున్న మనం మాత్రమే, మనకు కళ్లూ ఉన్నాయి, చెవులూ ఉన్నాయి. ఆ వేణువు ఊదింది హరిప్రసాద్ చౌరాసియా. తెరమీద సర్వదమన్ బెనర్జీ వేళ్లు కదిపారు. మాటలు లేని ఆ ఊపిరిలో అతడు చూడలేని పొద్దుపొడుపంతా ఉంది.

ఉన్న శబ్దాన్ని తీసేయడం ఇంకో విద్య. బెంగాల్‌లో సత్యజిత్ రాయ్ 1955లో పథేర్ పాంచాలీలో చేసి చూపించారు. ఇంటాయన ఊళ్లు తిరిగి కూతురికి చీర కొనుక్కుని వస్తాడు. కూతురు చనిపోయిందని అతడికి తెలియదు. ఆ చీర చేతిలో పెట్టగానే తల్లి కుప్పకూలి ఏడుస్తుంది. ఆ ఏడుపు మనకు వినపడదు! దాని స్థానంలో తార్ షెహనాయి పైస్థాయిలో ఒక్కసారిగా చీల్చుకుంటూ వస్తుంది. సంగీతం రవిశంకర్‌ది. తల్లి ఏడుపే వినిపించి ఉంటే అది ఆ తల్లి ఏడుపు. అది తీసేసరికి ఎవరింట్లో మనిషి పోయారో వాళ్లకు వాళ్ల ఏడుపు వినపడింది. ఆ సీను చూస్తుంటే మా అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆవిడకు భాష తెలియని సినిమా అది.

మన ఈగ కూడా ఈ కోవలోదే. 2012. హీరో కథ మొదట్లోనే చచ్చిపోయి ఈగై పుడతాడు. నోట్లోంచి మాటే రాదు. తెలుగు హీరోకి డైలాగు లేదు! ఆ రెక్కల రొదే డైలాగు. కోపంగా వచ్చేటప్పుడు ఒకలా, అల్లరి పెట్టేటప్పుడు ఒకలా, దెబ్బతిన్నప్పుడు ఒకలా. వానాకాలం భవానీపురంలో నిద్రపోయిన వాళ్లకు చెవి దగ్గర రొద అంటే ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు. రాజమౌళి గారు ఆ చిరాకు మొత్తాన్ని విలన్ సుదీప్ చెవిలో పోసేశారు. ఇంకా భయం ఎప్పుడో తెలుసా? రొద ఆగిపోయినప్పుడు. వినపడుతున్నంతసేపూ అది ఎక్కడుందో తెలుసు. ఆగిపోయిందంటే ఎక్కడో వాలింది.

గొంతుల సంగతి ఇంకా చెప్పనే లేదు. రాజశేఖర్ గారి పోలీసు పాత్రల్లో మనల్ని కుర్చీ అంచున కూర్చోబెట్టింది సాయికుమార్ గొంతు. ఒకే సినిమా సీజన్లో విజయశాంతి గర్జించినా, సౌందర్య కళ్లనీళ్లు పెట్టుకున్నా లోపల పలికింది చాలాసార్లు సరిత గారు. ఆవిడా మంచి నటే, ఎన్ని మొహాలకు ప్రాణం పోశారో! అటెన్‌బరో తీసిన గాంధీ సినిమా తెలుగులో వచ్చినప్పుడు బెన్ కింగ్‌స్లీ నోట తెలుగు పలికించింది మన బాలు గారే. మనం అభిమానించిన మొహాలు ఒకరివి, మనల్ని కదిలించిన గొంతులు ఇంకొకరివి. పోస్టర్ మీద గొంతుకి బొమ్మ ఉండదు. నాకు అవకాశం ఉంటే గాంధీనగర్ సెంటర్లో ఈ గొంతులకు ఒక కటౌట్ కట్టిస్తాను.

ఇంకా వినాల్సినవి కొండంత ఉన్నాయి. ఈ రాత్రికి స్వాతికిరణం పెట్టుకున్నాం, 1992ది. మళ్లీ విశ్వనాథ్ గారిదే. గురువుగా వేసిన మలయాళం మమ్ముట్టి గారు సొంత గొంతుతో తెలుగు చెప్పారు. పిల్లాడు గంగాధరానికి పాడింది వాణీ జయరాం. మగపిల్లాడి గొంతు ఇంకా పగలని వయసును ఒక స్త్రీ గొంతులో వెతికి పట్టుకున్నారు! ఆ గురువుగారి అసూయ పుట్టింది కూడా చెవిలోనే. కుర్రాడిలో ఎంత గొప్పతనముందో లోకం కన్నా ముందు, లోకం కన్నా బాగా వినగలిగినవాడు ఆయనే, అందుకే తట్టుకోలేకపోయాడు. మొదటిసారి ఆ కుర్రాడి పాట చెవిన పడ్డప్పుడు చుట్టూ ఏ చప్పుళ్లున్నాయో, ఏవి తీసేశారో ఈసారి పట్టుకుని తీరాలి. అమ్మ పొయ్యి కట్టేసింది. “ఆ ఫ్యాను కూడా కట్టేయ్, సౌండు పెంచు” అంటోంది ముందు గదిలోంచి.